ఉప్పు పోయిందో లేదో

రేవులో అందరూ ఆమెని గది అక్క అంటారు. పేరు పెట్టి పిలవగల వయసున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలినవాళ్ళకి ఆ గదే ఆమె ఇంటిపేరు.

ఐసు ఫ్యాక్టరీ గోడకీ వలల షెడ్డుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ గది. కిటికీ లేదు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా దుంగలు వేసి ఉంటాయి. చేపల వేట నుంచి వచ్చిన పడవల మోటార్లన్నీ వాటికి తగిలించి ఉంటాయి, మాంసం కొట్లో తోలు తీసిన మేకల్లాగా, వరసగా. పెట్రోలు, గ్రీజు, ఎండిన నాచు కలిసిన వాసన తలుపు తియ్యగానే మొహాన కొడుతుంది. వెనక ఇంకో తలుపు ఉంది. దానికి అవతలివైపు గడియే తప్ప తాళం లేదు. ఆ తలుపు అవతలే ఆమె కాపురం: ఒక మంచం, ఒక పొయ్యి, పోయిన భర్త మెకానిక్కు పనిముట్ల పెట్టె.

ఒకప్పుడు ఈ గది లేదు. పడవలని ఇసక మీదకి లాగి, మోటార్లు వాటికే వదిలేసి ఇళ్ళకి పోయేవాళ్ళు. తర్వాత దొంగలు పడ్డారు. తెల్లారి వచ్చి చూస్తే పడవ వెనక చెక్క మీద బోల్టుల గుర్తులే మిగిలేవి. ఒకరోజు మోటారు పోతే ఇంకోరోజు బ్యాటరీ, మరోరోజు లంగరు. చేపల జాడ చూపించే పెట్టెలనైతే తీగలతో సహా పీక్కుపోయేవాళ్ళు. "పడవకి చిల్లు పెట్టలేదు, సంతోషించు" అని ఒకర్నొకరు ఓదార్చుకునేవాళ్ళు. ఒకాయన మోటారుకి కాపలాగా పడవలోనే పడుకుంటే మోటారుతోపాటు ఆయన తలకింది దిండు కూడా లాక్కుపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దిండాయన మాత్రం ఒప్పుకోడు.

చివరికి పడవలవాళ్ళంతా కలిసి గది కట్టుకున్నారు. కట్టాక, తాళం ఎవరి చేతిలో పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. మెకానిక్కు భార్య ఉంది కదా అని ఎవరో అన్నారు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. ఆ రేవులో ఏమీ అనకపోవడమంటే ఒప్పుకున్నట్టే. అప్పటికి మెకానిక్కు పోయి ఏడాది కాలేదు.

ఆమె ఈ వాసనలోకి కొత్త కోడలిగా వచ్చింది. భర్త ఎంత సబ్బు పెట్టి రుద్దుకున్నా చేతులు పెట్రోలు కంపే కొట్టేవి. ఆ చేత్తో ఏది అందించినా ఆమెకి కడుపులో తిప్పేది. అత్తగారు అప్పటికే లేదు. ఇంట్లో ఇంకా పాలపళ్ళు ఊడని మరిది ఒకడున్నాడు. వాడు పక్క తడిపితే దుప్పట్లు ఉతికింది, చీమిడి తీసింది, బడి ఎగ్గొట్టి పడవల కింద దాక్కుంటే చెవి పట్టుకుని లాక్కొచ్చింది. ఆమెకి పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఉన్నాడుగా ఒకడు, వాడొక్కడు పదిమంది పెట్టు" అనేది.

మోటారు కడగడం ఆమెకీ మరిదికీ కూడా మెకానిక్కే నేర్పాడు. నడుస్తున్నంతసేపూ మోటారు సముద్రపు నీళ్ళని పీల్చుకుని చల్లబడుతుంది. వేట అయ్యాక ఆ ఉప్పు లోపల ఉండిపోతే లోహం తెల్లగా పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని ఒడ్డుకి రాగానే మోటారు కాలుని, అంటే నీళ్ళలో మునిగే కింది భాగాన్ని, మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి కాసేపు నడపాలి. పక్కనున్న చిన్న కన్నంలోంచి సన్నటి ధార బయటికొస్తుంది. అది చప్పబడేదాకా నడపాలి. చప్పబడిందో లేదో తెలియాలంటే వేలు తడిపి నాలిక మీద పెట్టుకోవడమే మార్గం.

మెకానిక్కుది ఎప్పుడూ సిగరెట్టు ఆరని నోరు. "నా నాలిక ఎప్పుడో కాలిపోయిందే, నువ్వు చూసి చెప్పు" అని పెళ్ళాన్ని పిలిచేవాడు. మొదటిసారి ఆమె ఉమ్మేసి, పుక్కిలించి, ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత అలవాటైపోయింది. ఆయన పోయాక ఆ పని పూర్తిగా ఆమెదే అయింది. పడవలవాళ్ళు మోటారు డ్రమ్ములో పెట్టి తాడు లాగుతారు, అది పొగ కక్కుతూ ఊగిపోతుంది, గది అక్క వచ్చి ధారలో వేలు పెట్టి నాలిక మీద రాసుకుంటుంది.

"ఉప్పు పోయిందా అక్కా?"

"ఎక్కడ పోయింది, నీ మొహం. ఇంకాస్త నడుపు."

ఆమె "చాలు" అంటే చాలు. తమ నాలికలు ఎవరూ వాడేవాళ్ళు కాదు. అవసరం ఏముంది, అక్క ఉంది కదా.

కుళాయి పొద్దున ఒక్కసారే వస్తుంది. అందుకని ఆఖరి మోటారు కడగగానే ఆ మురికినీళ్ళు పారబోసి, పట్టిపెట్టుకున్న మంచినీళ్ళతో డ్రమ్ము మళ్ళీ నింపి, చెక్కమూత వేసి ఉంచేది. ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్ళ మోటారు ఉప్పుతో ఉండిపోకూడదని.

కిందటి ఎండాకాలం పైఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. దొంగలు ఎత్తుకుపోయిన సామానుకి పోలీసు కాగితం చూపిస్తే కొత్త సామాను ఇస్తారట. ఆ కబురు వెనకాలే రేవుకి మళ్ళీ దొంగలొచ్చారు. ఈసారి వచ్చిన దొంగల పద్ధతి వేరు. కొత్తవి ముట్టుకోరు, పాతవే ఎత్తుకుపోతారు. ముందుగా పడవల సంఘం ప్రెసిడెంటుగారి బ్యాటరీ పోయింది. అది చచ్చి చాలా కాలమైందని రేవంతా ఎరుగుదురు. ఆ తర్వాత తుప్పుపట్టిన లంగరు, పగిలిన దీపం, బొమ్మ పడని చేపల పెట్టె.

"ఈ దొంగ మ్యూజియం పెడుతున్నట్టున్నాడు" అంది గది అక్క. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అది తన గుమ్మందాకా వస్తుందని అప్పటికి అనుకోలేదు.

ఆమెకి పన్ను నొప్పి పట్టుకుంది. లవంగం నొక్కిపెట్టి కొన్నాళ్ళు ఈడ్చింది. బుగ్గ పొంగింది.

"నోట్లో బంతి పెట్టుకున్నట్టున్నావు వదినా" అన్నాడు మరిది. వాడికిప్పుడు సొంత పడవ, పెళ్ళాం, రెండు గదుల ఇల్లు. "ఇవాళ వెళ్ళి పీకించేసుకో."

"మోటార్లు ఎవరు చూస్తారు?"

"నువ్వొక్క పూట లేకపోతే సముద్రం ఎండిపోతుందా? అందరివీ కడిగేసి వెళ్ళు. నేను బస్సెక్కిస్తాను."

ఆ రోజు అందరికంటే ఆలస్యంగా వచ్చింది వాడి పడవే. ఆమె అప్పటికే మిగిలిన మోటార్లన్నీ కడిగించి, డ్రమ్ము నింపి మూత పెట్టి, చీర మార్చుకుని కూచుంది. వాడు మోటారు భుజాన వేసుకుని నీళ్ళోడుస్తూ వచ్చాడు.

"ఉండు, కడిగేద్దాం" అంది.

"బస్సు వెళ్ళిపోతుంది వదినా. అలాగే తగిలించెయ్. తిరిగొచ్చి కడుగుదువుగాని. ఈ కాస్తలో కరిగిపోదులే."

ఆమె మనసొప్పకుండానే దాన్ని ఉప్పుతో దుంగకి తగిలించింది. గదికి తాళం వేసి ఆ చెవి బొడ్లో దోపుకుంది. ఇంటికి తాళం వేసి ఆ చెవి ఎప్పట్లాగే గుమ్మం పైన చెక్కసందులో పెట్టింది. మరిది బస్సుదాకా వచ్చాడు. నీళ్ళసీసా కొనిచ్చాడు. పంటికి గాలి తగలకుండా చెంగు బుగ్గకి చుట్టుకోమన్నాడు.

"డాక్టరు దగ్గర ఏడవకు."

"నేనేమన్నా నీలాగా అనుకున్నావా? సూదంటే మంచం కింద దూరేవాడివి."

దారంతా ఆమెకి హాయిగా ఉంది. పంటి నొప్పి కూడా అంత తెలియలేదు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. సగం నోరు తనది కానట్టుంది. దవడలో దూది, దూదిలో నెత్తురు. గది తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే మోటార్ల వరసలో ఒకచోట దుంగ బోసిగా ఉంది. దాని కింద నేల మీద ఉప్పునీళ్ళు కారి ఆరిపోయిన తెల్లటి మరక ఉంది. వెనక తలుపు గడియ తీసి ఉంది. ఆమె ఆ మరక పక్కనే కూలబడింది.

దీపాలు పెట్టే వేళకి మరిది వచ్చాడు. "నా మోటారేది వదినా?" అన్నాడు. ఆమె దుంగవైపు చూపించింది. నోరు తిరగలేదు.

కబురు పొక్కింది. ప్రెసిడెంటు వచ్చాడు. పొట్టమీదికి లుంగీ లాక్కుంటూ గది తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తాళం తాళంలాగే ఉంది" అన్నాడు. తర్వాత వెనక తలుపు చూశాడు. "ఇంటి తాళంచెవి ఎక్కడ పెడతావక్కా?"

"గుమ్మం మీద."

"గుమ్మం మీద" అని అందరికీ వినిపించేలా మళ్ళీ అన్నాడు ప్రెసిడెంటు. "ఇందరి మోటార్లు లోపల ఉంటే."

వెనక నిలబడ్డవాళ్ళలో ఒకడు, "అక్కకి ఈ మధ్య కొత్త ఫోను వచ్చింది కదూ" అన్నాడు. ఇంకొకడు, "ఛ, అలా అనకూడదు" అన్నాడు. అనకూడదన్నవాడి గొంతే ఎక్కువ దూరం వినిపించింది. ఆమె మరిదివైపు చూసింది. వాడు కాలి బొటనవేలితో నేల మీది ఉప్పుమరకని గీకుతున్నాడు. వదినని ఏమీ అనకండి అని ఒక్క మాట, పేరుకైనా, అనలేదు.

"రేపు సాయంత్రం హెడ్ కానిస్టేబులు వస్తాడు. నలుగురిలో కూచుని మాట్లాడుకుందాం" అని ప్రెసిడెంటు తేల్చాడు. "గది తాళం విషయం కూడా అప్పుడే చూద్దాం."

ఆ గది పోతే పడుకునే మంచానికి కూడా చోటుండదు. కానీ ఆమెని కాల్చుకుతిన్నది అది కాదు. తాళం ఎవరి చేతిలో పెట్టాలో తేలక రేవు రేవంతా కొట్టుకుంటున్న రోజున ఎవరూ కాదనకుండా ఉన్న పేరు తనదొక్కటే. ఇవాళ ఆ పేరుని లుంగీ ఎగేసుకుంటూ వీళ్ళు తొక్కుకుంటూ పోయారు.

తెల్లారేసరికి తిమ్మిరి వదిలింది. నొప్పి మొదలైంది. పడవలు ఇంకా రాలేదు. అలవాటు ప్రకారం వెళ్ళి డ్రమ్ము మీది చెక్కమూత తీసింది.

నీళ్ళ మీద నెమలికంఠం రంగులో పెట్రోలు తెట్టు తేలుతోంది.

డ్రమ్ము అంచు కింద ఒక గుడ్డ దూర్చి ఉంది, నాలుగు మడతలు వేసి. మోటారు కడిగాక తుడిచిన గుడ్డని విసిరేయకుండా అలా మడతపెట్టి దూర్చడం మెకానిక్కు పద్ధతి. ఆయన పోయాక ఆ పద్ధతి పాటించేవాళ్ళు ఈ రేవులో ఇద్దరే. అందులో ఒకరు నిన్న మధ్యాహ్నం పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నారు.

నోట్లో ఏదీ పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. పుండు మీద భగ్గున మండింది. నెత్తురూ పెట్రోలూ ఉప్పూ కలిసిన ఉమ్ము ఇసకలో ఊసింది. ఎంత ఊసినా ఆ రుచి వదల్లేదు.

దొంగ మోటారుని కడగడు. వాడి తొందర వాడిది. లోపల ఉప్పుంటే కొన్నవాడి ఖర్మ. పట్టపగలు మోటారుని దుంగ మీంచి దించి, డ్రమ్ములో పెట్టి, ధార చప్పబడేదాకా ఓపిగ్గా నడిపి, తుడిచి, గుడ్డ మడతపెట్టి మరీ పట్టుకుపోయేవాడు ఎవడై ఉంటాడు? ఆ మోటారు చాలాకాలం కదలకుండా పడి ఉంటుందని తెలిసినవాడు. అది పాడైపోతే ఏడ్చేవాడు. రేవులో మోటారు చప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు, అందుకని ధైర్యంగా నడిపాడు. మురికినీళ్ళు పారబోస్తే మళ్ళీ నింపడానికి కుళాయి లేదు, అందుకని మూత పెట్టేశాడు. కడగకుండా పట్టుకుపోయి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు. వాడి చెయ్యి ఊరుకోలేదు.

ఆమె తిన్నగా మరిది ఇంటికి వెళ్ళింది. వాడు అరుగు మీద వల ముందేసుకుని కూచున్నాడు.

"మోటారు ఎక్కడ పెట్టావురా?"

"ఏ మోటారు?"

"కడిగిన మోటారు."

వాడు వల ముడి వేస్తూ ఆగిపోయాడు. తర్వాత చిన్నప్పుడు పట్టుబడితే నవ్వినట్టే నవ్వాడు.

"ఉప్పుతో ఎలా ఉంచమంటావు వదినా? నెలల తరబడి పడి ఉండాలి. లోపలంతా తినేస్తుంది. అన్నయ్య ఎంత బాగా బిగించిన మోటారు అది."

మోటారు గురించి చెబుతుంటే వాడి గొంతులో నిజంగానే బెంగ పలికింది. రాత్రి అంతమంది మధ్యలో ఆమె నిలబడి ఉన్నప్పుడు ఈ గొంతు ఎక్కడికి పోయిందో.

"నేను లేని పూట చూసుకుని చేశావు" అంది.

"నీ పన్ను పీకించాలనీ ఉంది వదినా. ఒట్టు. రెండూ కలిసొచ్చాయి."

తోటికోడలు టీ పట్టుకొచ్చింది. "తాగక్కా. పుండు మీద పడకుండా ఇటు పక్కన పోసుకో" అని ఎంతో ఆపేక్షగా చెప్పింది. దీనికీ తెలుసు. తెలిసే చక్కెర కలిపి తెచ్చింది.

మరిది గొంతు తగ్గించాడు. "ఇందులో నీకు పోయేదేం లేదు. పడవ మీంచి పోయిందంటే ఆఫీసువాళ్ళు ఈమధ్య నమ్మడం లేదట. తాళం వేసిన గదిలోంచి పోయిందంటే నమ్ముతారని ప్రెసిడెంటే చెప్పాడు. కాపలామనిషి అజాగ్రత్త అని రాయిస్తారు. పేరుకే. కొన్నాళ్ళు గది ఇంకెవరో చూస్తారు. అంతా చల్లబడ్డాక మళ్ళీ నువ్వే."

"ఆ కొన్నాళ్ళు నేనెక్కడుంటాను?"

"ఇక్కడ. ఇది నీ ఇల్లు కాదా?"

"ప్రెసిడెంటు బ్యాటరీ ఏమైంది?"

"వాళ్ళ బావమరిది కోళ్ళషెడ్డులో తలుపుకి అడ్డం పెట్టుకున్నాడు. పనిచేయదు కదా."

"లంగరు?"

"లంగరు మాత్రం పాపం నిజంగానే పోయింది. దాచినచోట నుంచి ఎవడో ఎత్తుకుపోయాడు." వాడికి నవ్వొచ్చింది. వంటింట్లోంచి వాడి పెళ్ళాం కూడా నవ్వింది.

ఆమె నవ్వలేదు. టీ మీద తెట్టు కట్టింది. డ్రమ్ములో నీళ్ళలాగే ఉంది చూడటానికి.

"సాయంత్రంలోపు తెచ్చి దుంగకి తగిలించెయ్. నొప్పిలో ఏదో మూల పెట్టి మర్చిపోయానని నేనే చెప్పుకుంటాను. నవ్వితే నన్నే నవ్వుతారు."

"కుదరదు వదినా."

"ఎందుకు కుదరదు?"

"నా తర్వాత ఇంకా ఉన్నారు వరసలో. నాది మధ్యలో ఆగితే వాళ్ళంతా నా మీద పడతారు."

ఆమె లేచింది. వరస. బియ్యానికి నిలబడ్డట్టు నిలబడ్డారన్నమాట, ఆమె నెత్తి మీద కాలు పెట్టి గోడ దూకడానికి. పొద్దున్నే "అక్కా, అక్కా" అంటూ మోటార్లు మోసుకొచ్చే వాళ్ళలో ఆ వరసలో ఎవరెవరున్నారో అడగాలనిపించలేదు. అడిగితే అందులో లేనివాళ్ళని వెతుక్కోవాల్సి వస్తుందేమోనని భయం వేసింది.

సాయంత్రం వలల షెడ్డులో అందరూ చేరారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి బల్ల తెచ్చి హెడ్ కానిస్టేబులుకి వేశారు. ఆయన నడివయసు మనిషి, అలసిపోయిన మొహం. కాగితం తీసి కలం మూత తీశాడు. ప్రెసిడెంటు పక్కనే నిలబడి మొదలుపెట్టాడు.

"అక్క మంచిదేనండి. ఆమె గుణం గురించి మేమెవరం ఒక్క మాట అనం. వయసు మీద పడింది, ఒంట్లో బాగుండదు. తాళంచెవి గుమ్మం మీద పెట్టి ఊరెళ్ళింది. అజాగ్రత్త. అంతే రాయండి. ఇంకేం వద్దు."

పదిమందీ తలలూపారు. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఒకడు చెప్పులోని ఇసక దులుపుకుంటున్నాడు. ఒకడు ఆవలించాడు. ఆమె వాళ్ళని ఒక్కొక్కరినే చూసింది. వీళ్ళలో ప్రతివాడి మోటారులోంచి కారిన మురికీ ఆమె నాలిక ఎరుగును. వీడి మోటారుది వంటనూనె కలిసినట్టుండే ధార, వాడిది చిలుము రుచి.

"ఏమ్మా, నువ్వేమంటావ్?" అన్నాడు హెడ్డు.

ఆమె చెంగు చాటునుంచి స్టీలు గ్లాసు తీసి బల్లమీద పెట్టింది. అందులో నీళ్ళున్నాయి.

"తమ్ముడూ, ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని అదేంటో చెప్పు" అంది ప్రెసిడెంటుతో.

"ఏంటక్కా ఇది, నలుగురిలో" అని ప్రెసిడెంటు వెనక్కి జరిగాడు. గ్లాసులో రంగుల తెట్టు ఆయనకి కనిపించింది. ఆయన మళ్ళీ గ్లాసువంక చూడలేదు.

ముసలి సరంగు ముందుకొచ్చాడు. పడవలెక్కడం మానేసి, రోజంతా షెడ్డులో కూచుని అందరికీ వంకలు పెట్టే మనిషి. వేలు ముంచి నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, పక్కకి ఊశాడు. "మోటారు కడిగిన నీళ్ళు. ఇందులో చూడ్డానికేముంది?"

"నిన్న నేను బస్సెక్కేటప్పుడు డ్రమ్ములో మంచినీళ్ళు నింపి మూత పెట్టి వెళ్ళాను బాబాయ్. ఇవి ఇవాళ పొద్దున్నే, పడవలు రాకముందు, అందులోంచి ముంచినవి. దుంగ మీద ఉన్నవన్నీ కడిగినవే. కడగనిది ఒక్కటే. ఇవాళ అదే లేదు." బుగ్గ లాగేస్తుంటే ఆగి, మింగి, మళ్ళీ అంది. "ఎత్తుకుపోయినవాళ్ళెవరో, దాన్ని ఉప్పు పోయేదాకా కడిగి మరీ పట్టుకెళ్ళారు. అది కూడా రాసుకోమనండి."

విప్పి చెప్పాల్సిన పని లేదు, అందరూ అదే నీళ్ళ మనుషులు. వెనకెక్కడో ఒకడికి నవ్వు తన్నుకొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. చూపులు ఒక్కొక్కటే వెళ్ళి మరిది మీద వాలాయి. వాడు వల కుప్ప మీద కూచుని, చినిగిపోయిన కన్నంలోకి వేలు పెట్టి తిప్పుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడూ అంతే, అబద్ధమాడితే ముందు చెవులే చెప్పేసేవి.

"మా నాన్నా పడవ మనిషేనమ్మా" అన్నాడు హెడ్డు నెమ్మదిగా. "మోటారు మీద ఇంత ప్రేమున్న దొంగని నా సర్వీసులో చూడలేదు." కలానికి మూత పెట్టాడు. "ప్రెసిడెంటుగారూ, ఇది రాయమంటారా, వద్దంటారా? రాస్తే మొత్తం రాస్తాను. గ్లాసుతో సహా."

ప్రెసిడెంటు లుంగీ సర్దుకున్నాడు. "అబ్బే, కుర్రాడు రిపేరుకిచ్చి మర్చిపోయి ఉంటాడండి. వెతికిస్తాం. టీ తాగి వెళ్ళండి."

"టీ వద్దు. ప్రతి రేవులోనూ టీయే" అని హెడ్డు లేచి, ఇసక దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. అయినా ఇంటికెళ్తుంటే వలలు కుట్టే ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. "పెంచిన చేత్తోనే వీధిలో పెట్టింది. ఇంట్లో నాలుగు చీవాట్లు పెడితే సరిపోయేది కాదా" అన్నది ఒకామె. ఆమె మొగుడు ఆ వరసలో ఎన్నోవాడో గది అక్క అడగలేదు.

చీకటి పడేలోగా మోటారు తిరిగి వచ్చింది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో చూడలేదు. గది ముందు గోనెసంచిలో చుట్టి పెట్టి ఉంది. సంచి విప్పితే గుప్పున కంపు. కోళ్ళగూట్లో దాచినట్టున్నారు. మోటారు పైమూత మీద, చెక్కు చెదరని దాని నల్లటి రంగు మీద, కోడిరెట్టలు ఎండి అంటుకుని ఉన్నాయి. మామూలుగా అయితే తడిగుడ్డ అందుకునేది. ఇవాళ అలాగే మోసుకెళ్ళి దుంగకి తగిలించింది. ఇంటి తాళంచెవి గుమ్మం మీంచి తీసి, గది తాళంచెవితోపాటు బొడ్లో దోపుకుంది.

మర్నాడు వేట నుంచి పడవలొచ్చాయి. ఏమీ జరగనట్టే అందరూ మోటార్లు భుజాన వేసుకుని వరసగా వచ్చారు. తప్పయిందని ఎవరూ అనలేదు. "పన్ను ఎలా ఉందక్కా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కొత్త ఫోను మాటెత్తినవాడు ఆమె కోసం రెండు చేపలు తాటాకులో చుట్టి తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు. పిల్లి వచ్చి లాక్కుపోయింది.

ముందుగా ప్రెసిడెంటు మోటారు డ్రమ్ములో పెట్టారు. తాడు లాగారు. పొగ కక్కింది. ధార వచ్చింది.

"ఉప్పు పోయిందా అక్కా?"

ఆమె తలుపు దగ్గర ముక్కాలి పీట మీద కూచుని ఉంది. "చూసుకోండి."

"పుండు పచ్చిగా ఉన్నట్టుంది పాపం" అన్నారెవరో. రెండు రోజుల్లో మానుతుందిలే అనుకుని ఆ పూటకి సరిపెట్టుకున్నారు. ఎవరి ధారలో వాళ్ళు వేలు పెట్టి, ఊహూ అని, ఆహా అని, మోటార్లు తగిలించి వెళ్ళిపోయారు.

పుండు మానింది. ఆమె పీట మీంచి లేవలేదు. తాళం తీస్తుంది, వేస్తుంది, డ్రమ్ము నింపుతుంది, పారబోస్తుంది. ఎవరి సామాను వాళ్ళకి అప్పజెబుతుంది. దుంగ మీంచి ఏదీ పోలేదు. పైఆఫీసు కొత్త మోటార్ల మాట ఆ రేవులో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరిది చాలా రోజులు పెళ్ళాం తమ్ముడితో మోటారు పంపించాడు. ఒకరోజు తనే వచ్చాడు, అందరూ వెళ్ళిపోయాక, ఎప్పట్లాగే ఆలస్యంగా. డ్రమ్ములో పెట్టి తాడు లాగాడు. మెకానిక్కు బిగించిన మోటారు, ఒక్క లాగుకే అందుకుంది. వాడు కాసేపు దాన్నీ, కాసేపు ఆమెనీ చూశాడు.

"వదినా, ఒకసారి చూడవూ."

"నీకూ ఉందిగా నాలిక."

వాడు వేలు తడుపుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టుకోలేదు, ఆ దొంగపూట కూడా అంచనాతోనే కడిగాడు. కళ్ళు మూసుకుని నాలిక మీద రాసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. పక్కకి తిరిగి ఊశాడు, మళ్ళీ ఊశాడు, అరచేత్తో నాలిక తుడుచుకున్నాడు.

"ఇంకా ఉంది" అన్నాడు.

"అయితే నడుపు" అంది, పీట మీంచి లేవకుండానే.